పడుకుంటే హాయి.. లేచి కూర్చుంటే ఆయాసం! ఆక్సిజన్ పడిపోవడానికి ఊపిరితిత్తులే కారణమా? గుండె స్కాన్‌లో బయటపడే అసలు విషయం ఇదీ..

రాజమహేంద్రవరం: ఇంట్లో పెద్దవాళ్లకు ఆయాసం వస్తే ముందు ఏం చేస్తారు? లేపి కూర్చోబెడతారు. వీపు వెనక రెండు దిండ్లు సర్దుతారు. ఫ్యాన్ పెంచుతారు, కిటికీ తీస్తారు. చాలాసార్లు అదే కరెక్ట్ కూడా. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే తేలికవుతుంది. రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చే పేషెంట్లను డెల్టాలో ప్రతి ఊరూ చూసే ఉంటుంది.

అయితే కొద్దిమందిలో సీన్ పూర్తిగా రివర్స్. వాళ్లకు పడుకుంటేనే హాయి. లేచి కూర్చున్నా, నిలబడినా ఆయాసం మొదలు. ఆయాసంతో పాటు రక్తంలో ఆక్సిజన్ కూడా పడిపోతుంది. మళ్లీ వెల్లకిలా పడుకోబెడితే కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. "ఆయ్.. పడుకుంటే బానే ఉంటందండి, లేచి కూకుంటేనే దమ్ము వచ్చేత్తందండి" అని పేషెంట్ చెప్పే ఈ ఒక్క మాటలోనే అసలు క్లూ ఉంది. కానీ ఆ మాటను చాలామంది పట్టించుకోరు. ఉబ్బసం అంటారు, గ్యాస్ అంటారు, టెన్షన్ అంటారు, వయసైపోయింది కదా అంటారు. ఇన్‌హేలర్ల మీద ఇన్‌హేలర్లు మారుస్తూ నెలలు గడిచిపోతాయి.

ఈ సమస్యకు వైద్యులు పెట్టిన పేరు కాస్త నోరు తిరగనిదే. ప్లాటిప్నియా-ఆర్థోడియాక్సియా సిండ్రోమ్. గ్రీకులో ప్లాటిస్ అంటే చదునుగా ఉన్నది, ప్నియా అంటే శ్వాస. అంటే చదునుగా పడుకుంటేనే ఊపిరి ఆడటం. ఆర్థో అంటే నిటారు. నిటారుగా ఉన్నప్పుడు ఆక్సిజన్ తగ్గడం ఆర్థోడియాక్సియా. మొదటి పదం 1969లో, రెండోది 1976లో వైద్య పత్రికల్లోకి వచ్చాయి. పేరు గుర్తుండకపోయినా ఫర్లేదు. లక్షణం గుర్తుంటే చాలు.

ఇది అరుదైన సమస్యే, అందులో డౌట్ లేదు. ఆయాసం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇదే అనుకుంటే పొరపాటు. మరి ఎందుకు తెలుసుకోవాలి? ఎందుకంటే దీనికి కారణం చాలామందిలో గుండెలో ఉంటుంది, దాన్ని పట్టుకుంటే తొడ దగ్గర చిన్న రంధ్రం ద్వారానే సరిచేసే వీలుంది. పట్టుకోకపోతే మాత్రం మనిషి మంచానికే పరిమితమైపోతాడు.

ఆటోలో 84.. బెడ్ మీద 95!

ఉదాహరణకు ఇలా అనుకుందాం. కోనసీమలో ఓ పల్లె నుంచి డెబ్భై ఏళ్ల పెద్దాయన్ను ఆటోలో కూర్చోబెట్టి పట్నం ఆస్పత్రికి తెచ్చారు. గేటు దగ్గర వేలికి ఆక్సీమీటర్ పెడితే 84. కంగారుగా లోపలికి తీసుకెళ్లి, బెడ్ మీద పడుకోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. పది నిమిషాల్లో 95. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "ఆక్సిజన్ ఎక్కింది, సెట్ అయిపోయింది" అన్నారు. ఎక్స్‌రే తీస్తే క్లియర్. ఎకో తీస్తే నార్మల్. మర్నాడు డిశ్చార్జ్. ఇంటికెళ్లి అరుగు మీద కూర్చోగానే మళ్లీ అదే ఆయాసం!

ఇక్కడ జరిగిన పొరపాటు ఎక్కడ? ఆక్సిజన్ పెట్టడం, పడుకోబెట్టడం రెండూ ఒకేసారి జరిగాయి. క్రెడిట్ మొత్తం ఆక్సిజన్‌కు వెళ్లిపోయింది. నిజానికి ఆ పెద్దాయన్ను కాపాడింది సిలిండర్ కాదు, మంచం! ఎక్స్‌రే సంగతి సరే, ఎకో కూడా పడుకోబెట్టే తీశారు. ఎకో గదిలో పేషెంట్‌ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి ఛాతీ మీద ప్రోబ్ పెట్టడమే మామూలు పద్ధతి. పడుకున్నప్పుడు కనిపించని సమస్యను పడుకోబెట్టి వెతికితే దొరకదు కదా.

అందుకే ఈ కేసుల్లో స్టెతస్కోపు కన్నా, ఖరీదైన స్కాన్ కన్నా ముందు కావాల్సింది చాలా సింపుల్ టెస్ట్. పడుకున్నప్పుడు ఒకసారి, కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడినప్పుడు ఒకసారి ఆక్సిజన్ లెవెల్ చూడటం. 2021 సెకండ్ వేవ్ తర్వాత మన దగ్గర చాలా ఇళ్లలో, ఆర్‌ఎంపీల దగ్గర పల్స్ ఆక్సీమీటర్ ఉండనే ఉంది. వాడే పద్ధతే తెలియాలి.

పుట్టకముందు ఉన్న దారి.. పుట్టాక మూతపడాలి

ఇంతకీ కూర్చుంటే ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది? దీనికి సమాధానం తెలియాలంటే తల్లి కడుపులో ఉన్న బిడ్డ దగ్గరకు వెళ్లాలి.

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడి వైపు గదుల్లోకి ఒళ్లంతా తిరిగొచ్చిన, ఆక్సిజన్ తగ్గిన రక్తం వస్తుంది. అది ఊపిరితిత్తులకు వెళ్లి, ఆక్సిజన్ నింపుకుని, ఎడమ వైపుకు వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ ఒళ్లంతటికీ. ఇది పుట్టిన తర్వాత సంగతి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు, వాటినిండా ద్రవమే. ఆక్సిజన్ అంతా తల్లి నుంచి మాయ ద్వారా వస్తుంది. అప్పుడు రక్తాన్ని ఊపిరితిత్తుల దాకా పంపి లాభం లేదు. అందుకే పై గదుల మధ్య గోడలో ఒక అడ్డదారి ఉంటుంది. దాని పేరు ఫొరామెన్ ఓవేలే. కింది నుంచి వచ్చే పెద్ద సిర రక్తాన్ని సరిగ్గా ఆ దారి వైపు మళ్లించడానికి యూస్టేషియన్ వాల్వ్ అనే పల్చటి పొర కూడా ఉంటుంది.

బిడ్డ పుట్టి మొదటిసారి ఏడ్వగానే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి. ఎడమ వైపు ఒత్తిడి పెరిగి, ఆ దారికి ఉన్న రేకులాంటి మూత గోడకు అతుక్కుంటుంది. తర్వాత నెలల్లో అది పూర్తిగా అతికిపోవాలి. కానీ సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతకదు. చేరేసిన తలుపులా ఉంటుంది, గడియ మాత్రం పడదు. దీన్నే పీఎఫ్‌ఓ అంటారు. నలుగురిలో ఒకరంటే చిన్న సంఖ్య కాదు. ఈ వార్త చదువుతున్నవాళ్లలోనూ చాలామందికి ఉండే ఉంటుంది. భయపడక్కర్లేదు. అత్యధికుల్లో అది జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టదు, ఉన్నట్టు కూడా తెలియదు. ఎడమ వైపు ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ తలుపు దానంతటదే మూసుకునే ఉంటుంది.

మరి అరవై ఏళ్లు గడిచాక ఇప్పుడెందుకు?

డాక్టర్లను ఏళ్ల తరబడి తికమకపెట్టిన ప్రశ్న ఇదే. పుట్టుకతో ఉన్న రంధ్రం అరవై, డెబ్భై ఏళ్లు ఊరుకుని ఇప్పుడు ఎందుకు తెరుచుకుంది? కుడి వైపు ఒత్తిడి పెరిగితే తలుపు తెరుచుకోవడం అర్థం చేసుకోవచ్చు. కానీ ఈ పేషెంట్లలో చాలామందికి కుడి గుండెలో ఒత్తిడి కొలిస్తే నార్మల్‌గానే ఉంటుంది. ఒత్తిడి పెరగకుండానే రక్తం కుడి నుంచి ఎడమకు ఎలా దూకుతోంది?

గోదారి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేం కాదు. నదిలో ఒకచోట ఇసుక మేట వేస్తే పాయ దిశ మారిపోతుంది. ఏళ్ల తరబడి చెక్కుచెదరని లంక గట్టు ఆ ఏడాది కోతకు గురవుతుంది. ఆ రోజు వరద పెద్దదేం కాకపోవచ్చు, నీటిమట్టం మామూలుగానే ఉండొచ్చు. ప్రవాహం ముఖం తిరిగిందంతే. ఇదివరకు గట్టు పక్కనుంచి పోయే నీరు ఇప్పుడు సూటిగా గట్టునే కొడుతోంది.

గుండెలోనూ అంతే. వయసుతో, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో, గుండె నుంచి బయల్దేరే మహాధమని సాగుతుంది, వెడల్పవుతుంది, వంకర తిరుగుతుంది. అది సరిగ్గా ఆ పై గదుల పక్కనే ఉంటుంది కాబట్టి మధ్య గోడను నొక్కి దాని వాలును మార్చేస్తుంది. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు కుంగి నడుము, వీపు వంగిపోయినవాళ్లలో ఛాతీ ఆకారమే మారి గుండె పక్కకు తిరుగుతుంది. ఒక ఊపిరితిత్తిని ఆపరేషన్‌లో తీసేసినవాళ్లలో, ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ ఒకవైపు చచ్చుబడి పైకి లేచినవాళ్లలో కూడా గుండె ఉన్న చోటు మారుతుంది. కొందరికి ఆ మధ్య గోడే పల్చబడి తెరచాపలా అటూఇటూ ఊగుతుంటుంది.

ఇలా లోపలి భౌగోళికం మారిన మనిషి పడుకున్నంతసేపూ సమస్య లేదు. లేచి కూర్చోగానే డయాఫ్రమ్ కిందికి దిగుతుంది. గుండె నిలువుగా సాగుతుంది, రంధ్రం కాస్త నోరు తెరుస్తుంది. కింది పెద్ద సిర నుంచి వచ్చే రక్తం పాయ సూటిగా ఆ రంధ్రం మీదకే వస్తుంది. చిన్నప్పటి యూస్టేషియన్ పొర ఇంకా పెద్దదిగా మిగిలి ఉంటే అది కూడా కాలువ మళ్లించినట్టు అటే తోస్తుంది. ఊపిరితిత్తులకు వెళ్లాల్సిన రక్తంలో కొంత, ఆక్సిజన్ లేకుండానే, నేరుగా ఎడమ వైపుకు వెళ్లి మంచి రక్తంలో కలిసిపోతుంది. వేలికి పెట్టిన మీటర్‌లో అంకె పడిపోవడానికి కారణం ఇదే.

ఇంకో క్లూ కూడా ఇక్కడే దొరుకుతుంది. ఈ పేషెంట్ కూర్చుని ఉన్నప్పుడు మాస్క్‌తో ఎంత ఆక్సిజన్ ఇచ్చినా పెద్దగా ఉపయోగం కనపడదు. ఎందుకంటే దారి తప్పిన రక్తం అసలు ఊపిరితిత్తుల్లోకే వెళ్లడం లేదు. వెళ్లని చోట ఎంత ఆక్సిజన్ నింపినా ఏం లాభం? సిలిండర్ ఫుల్‌గా తిప్పినా అంకె కదలకపోవడం, పడుకోబెడితే మాత్రం పెరగడం.. ఈ రెండూ కలిస్తే గుండె వైపు చూడాల్సిందే.

బుడగలే సాక్ష్యం.. మూడు కొట్టుకోవడాల్లో తేలిపోతుంది

ఇప్పుడు అసలు పరీక్ష దగ్గరకు వద్దాం. దీన్ని బబుల్ ఎకో అంటారు. ఇందులో వాడేది ఏదో విదేశీ మందు కాదు, మామూలు సెలైన్. రెండు సిరంజిలను మూడు దారుల కుళాయిలాంటి చిన్న స్టాపర్‌తో కలుపుతారు. సుమారు 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో 1 మిల్లీలీటరు గాలి కలిపి, ఒక సిరంజి నుంచి ఇంకోదానికి అటూఇటూ గట్టిగా తోస్తారు. అందులో కంటికి సరిగా ఆనని సన్నటి బుడగలు వేలకొద్దీ పుడతాయి. వెంటనే చేతి సిరలోకి ఎక్కిస్తారు.

బుడగలు అల్ట్రాసౌండ్‌లో తళతళా మెరుస్తాయి. స్క్రీన్ మీద గుండె కుడి వైపు గదులు ఒక్కసారిగా తెల్లటి పొగ నిండినట్టు అయిపోతాయి. మామూలుగా అయితే ఆ బుడగలు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలను దాటలేవు, అక్కడే కరిగిపోతాయి. అంటే ఎడమ వైపు గదులు నల్లగానే ఉండాలి. అక్కడ తెల్లటి చుక్కలు కనిపించాయంటే ఏదో అడ్డదారి ఉన్నట్టే లెక్క.

ఎప్పుడు కనిపించాయన్నది ఇంకా ముఖ్యం. కుడి వైపు నిండిన తర్వాత గుండె మూడుసార్లు కొట్టుకునేలోపే ఎడమ వైపు చుక్కలు వస్తే రంధ్రం గుండెలోనే ఉన్నట్టు. ఆ తర్వాత ఆలస్యంగా వస్తే అడ్డదారి ఊపిరితిత్తుల్లో ఉన్నట్టు అనుమానిస్తారు. ఒకే సిరంజి సెలైన్‌తో గుండెదా, ఊపిరితిత్తులదా అన్న పంచాయితీ ఇంత తొందరగా తేలడం విశేషమే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పడుకోబెట్టి ఒకసారి బుడగలు ఎక్కించి, కనిపించలేదని వదిలేస్తే ఈ జబ్బు దొరక్కపోవచ్చు. అదే పేషెంట్‌ను కూర్చోబెట్టి, లేదా వాలు బల్ల మీద లేపి మళ్లీ ఎక్కించాలి. పడుకున్నప్పుడు నాలుగైదు చుక్కలు మాత్రమే కనిపించి, కూర్చోగానే ఎడమ గది మొత్తం తెల్లగా నిండిపోతే.. అదీ సాక్ష్యం. మధ్యలో పేషెంట్‌ను ముక్కి బిగబట్టి వదలమంటారు. అలా చేస్తే మూసుకున్న రేకు ఒక క్షణం తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి. చేతి సిరలోంచి వచ్చే రక్తం పై నుంచి గుండెలోకి దిగుతుంది. కానీ ఈ జబ్బులో రంధ్రం మీదకు దూకేది కింది నుంచి వచ్చే రక్తం. అందుకే చేతి నుంచి చేసిన పరీక్షలో ఏమీ తేలకపోయినా అనుమానం బలంగా ఉంటే, తొడ సిర నుంచి బుడగలు పంపి చూస్తారు. పై కాలువలో రంగు నీళ్లు పోసి కింది కాలువ తూము లీకేజీ వెతకడం కుదరదు కదా!

బుడగలు రక్తంలోకి ఎక్కించడం అంటే భయం వేయడం సహజమే. గాలి చాలా తక్కువ, బుడగలు చాలా చిన్నవి, క్షణాల్లో కరిగిపోతాయి. ఇబ్బందులు చాలా అరుదు. అయినా ఇది డాక్టర్ పర్యవేక్షణలో చేయాల్సిన పరీక్షే.

సంతకం కోసం ఒక ట్యూబ్.. లెక్క కోసం ఇంకో స్కాన్

ఛాతీ మీద నుంచి తీసే ఎకోకు పక్కటెముకలు, గాలి నిండిన ఊపిరితిత్తులు అడ్డం. రంధ్రం ఎక్కడుంది, ఎంతుంది, రేకు ఎలా ఊగుతోంది అని స్పష్టంగా చూడాలంటే గొంతులోంచి అన్నవాహికలోకి సన్నటి ప్రోబ్ పంపి తీసే ఎకో కావాలి. దాన్ని టీఈఈ అంటారు. అన్నవాహిక సరిగ్గా ఎడమ పై గది వెనకాలే ఉంటుంది కాబట్టి గోడ పక్క నుంచి చూసినట్టు కనిపిస్తుంది. కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతుకు మొద్దుబారే స్ప్రే కొడతారు, కాస్త మగతనిచ్చే ఇంజెక్షన్ ఇస్తారు. అసౌకర్యమే గానీ భరించలేనిదేం కాదు. వీలైతే ఇది కూడా పడుకోబెట్టి, తర్వాత తల వైపు లేపి చూస్తారు.

మహాధమని ఎంత వెడల్పయింది, వెన్నెముక ఎంత వంగింది, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలున్నాయా అన్నది సీటీ స్కాన్ చెబుతుంది. మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్ష కూడా రెండు భంగిమల్లో చేయాలి. నిటారుగా ఉన్నప్పుడు ఆక్సిజన్ పీడనం 4 మిల్లీమీటర్లకు మించి గానీ, శాచురేషన్ 5 శాతానికి మించి గానీ పడిపోతే ఆర్థోడియాక్సియా ఉన్నట్టు లెక్క.

గుండెను శబ్ద తరంగాలతో చూడొచ్చన్న ఆలోచన పుట్టిందే చిత్రంగా. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లెర్ అనే డాక్టర్, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి, లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని మనిషి గుండె మీద పెట్టి చూశారు. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, భారత సంతతికి చెందిన ప్రవీణ్ షా.. రక్తంలోకి ద్రవం ఎక్కించినప్పుడు గుండెలో మెరుపు మబ్బులా కనిపిస్తోందని రాశారు. ఆ మెరుపు బుడగలదేనని తర్వాత తేలింది. బబుల్ ఎకోకు అదే పునాది.

గుండె కాకపోతే?

పడుకుంటే తగ్గి, కూర్చుంటే పెరిగే ఆయాసానికి గుండెలో రంధ్రం ఒక్కటే కారణం కాదు. లివర్ బాగా చెడిపోయిన సిరోసిస్ పేషెంట్లలో కొందరికి ఊపిరితిత్తుల కింది భాగంలో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. నిలబడగానే రక్తం బరువుకు కిందికి దిగి, ఆ వెడల్పు నాళాల్లోంచి సరిగా ఆక్సిజన్ అందుకోకుండానే జారిపోతుంది. మద్యం వల్లో, హెపటైటిస్ వల్లో లివర్ పోయిన మనిషికి ఆయాసం అంటే పొట్టలో నీరు వల్లే అని సరిపెట్టుకోకూడదు. వీళ్లలో బుడగలు ఆలస్యంగా కనిపిస్తాయి. దీనికి అసలు పరిష్కారం లివర్ మార్పిడే. పుట్టుకతో ఊపిరితిత్తుల్లో ధమని, సిర నేరుగా కలిసిపోయినవాళ్లూ ఉంటారు. ఇంట్లో చాలామందికి తరచూ ముక్కులోంచి రక్తం కారే చరిత్ర ఉంటే ఆ కోణంలో చూడాలి. తీవ్రమైన కొవిడ్ న్యుమోనియా తర్వాత కొందరిలో ఇలాంటి లక్షణం కనిపించినట్టు వైద్య పత్రికల్లో వచ్చింది.

మూసేస్తే సరిపోతుందా?

గుండెలోని రంధ్రమే కారణమని తేలితే ఇప్పుడు ఛాతీ కోయాల్సిన పని చాలామందికి లేదు. తొడ సిర నుంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, రంధ్రానికి రెండు వైపులా రెండు చిన్న బిళ్లల్లా విచ్చుకునే జల్లెడలాంటి డివైస్‌ను బిగిస్తారు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లుతారు దాన్ని. చొక్కాకు టిచ్ బటన్ నొక్కినట్టు గోడకు పట్టేస్తుంది. తర్వాత నెలల్లో దాని మీద గుండె లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. సరైన పేషెంట్ అయితే టేబుల్ దిగకముందే ఆక్సిజన్ అంకె పెరగడం కనిపిస్తుంది. కొన్ని నెలలు రక్తం పలచబడే మందులు వాడాలి. నికెల్ అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

కానీ ఒక హెచ్చరిక. నలుగురిలో ఒకరికి పీఎఫ్‌ఓ ఉంటుందని పైన చెప్పుకున్నాం. అంటే ఆయాసంతో వచ్చిన నలుగురికి బబుల్ ఎకో చేస్తే ఒకరిలో ఎలాగూ కనిపించే ఛాన్స్ ఉంది. రంధ్రం కనిపించినంత మాత్రాన అదే దోషి అని తేల్చేయకూడదు. భంగిమ మారితే ఆక్సిజన్ పడిపోవాలి, అదే భంగిమలో బుడగలు పెరగాలి, ఊపిరితిత్తుల్లో ఇంకే కారణమూ దొరక్కూడదు. ఈ మూడూ కుదరకుండా "రంధ్రం ఉంది, మూసేద్దాం" అంటే ఎందుకు అని అడిగే హక్కు పేషెంట్‌కు ఉంది. అంతేకాదు, ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి విపరీతంగా ఉన్నవాళ్లలో ఆ రంధ్రమే సేఫ్టీ వాల్వ్‌లా పనిచేస్తుంటుంది. అలాంటివాళ్లకు మూసేస్తే ప్రాణం మీదకు వస్తుంది. అందుకే ముందు ఆ ఒత్తిడి కొలవడం తప్పనిసరి.

ఇంట్లో ఎలా చూడాలి?

ఆక్సీమీటర్ ఉంటే ఈ పని ఎవరైనా చేయొచ్చు. నెయిల్ పాలిష్ ఉన్నా, గోరింటాకు నల్లగా పండినా వేరే వేలు చూసుకోవాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. దిండు లేకుండా పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, అంకె నిలకడగా ఆగాక రాసుకోవాలి. తర్వాత లేపి కూర్చోబెట్టి ఐదు నిమిషాలకు మళ్లీ. నిలబడగలిగితే, పక్కన ఒకరు పట్టుకుని ఉండగా, ఇంకో ఐదు నిమిషాలకు మళ్లీ. కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టేయాలి. వేరే రోజు ఇంకోసారి చూడాలి. ఒకటి రెండు అంకెల తేడాకు అర్థం లేదు, అది మీటర్ ఊగిసలాటే. రెండు రోజులూ ఐదు అంతకన్నా ఎక్కువ తగ్గితే మాత్రం పట్టించుకోవాల్సిందే. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. పడుకున్నప్పుడు మనిషి, మీటర్ ఇద్దరూ కనిపించేలా, అలాగే కూర్చున్నప్పుడు. ఓపీలో రెండు నిమిషాల టైమ్‌లో పది మాటలు చెప్పేకన్నా ఆ ముప్పై సెకన్ల వీడియో ఎక్కువ పనిచేస్తుంది.

నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఈ మీటర్లు అసలు కన్నా కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికాలో 2020లో వచ్చిన పరిశోధన బయటపెట్టింది. కాబట్టి 93, 94 చూపిస్తూ ఆయాసం ఉంటే "నార్మల్‌గానే ఉంది" అని ఊరుకోవద్దు.

ఇక ఉన్నట్టుండి మొదలైన ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం ఉంటే ఇంట్లో ఈ ప్రయోగాలేవీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండెపోటు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, న్యుమోనియా లాంటివి చాలా ఎక్కువ మందిలో వచ్చేవి, ముందు వాటిని చూడాలి. పడుకున్నా 90 కన్నా తగ్గితే కూడా ఆగకూడదు.

రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి పట్టణాల్లో మామూలు ఎకో తీయించుకోవడం ఇప్పుడు కష్టం కాదు. బబుల్ ఎకో, టీఈఈ కావాలంటే కార్డియాలజిస్ట్, క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లే ముందు ఫోన్ చేసి "కూర్చోబెట్టి బబుల్ ఎకో చేస్తారా?" అని అడిగితే రానూపోనూ తిప్పట తప్పుతుంది. పాత ఎక్స్‌రేలు, ఎకో రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, భంగిమల వారీగా రాసుకున్న అంకెలు వెంట తీసుకెళ్లాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ పరీక్ష, ఏ చికిత్స వస్తుందన్నది ఆ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవచ్చు. దారిలో మాత్రం పేషెంట్‌ను ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లకుండా, కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్తే ఆ ప్రయాణం కాస్త తేలికవుతుంది.